32 కిలోబైట్లూ, ఒక తీగల జడా

నా కారుకి టర్బో పెడుతున్నానంటే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ముప్ఫైల్లో ఉన్న మగాడికి ఏదో ఒక పిచ్చి ఉంటుందనీ, ఇది కాకపోతే గోల్ఫో షేర్లో అయ్యేదనీ మావాళ్ళు ఎప్పుడో సర్దుకుపోయారు. కానీ "టర్బో పెట్టుకో, బానే ఉంది. కంప్యూటర్ ఎందుకు మారుస్తున్నావు? వైరింగంతా బేస్‌మెంట్లో ఎందుకు పరిచావు?" అన్న ప్రశ్నకి మాత్రం పాట్‌లక్కులో పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కావట్లేదు. నాలుగు వాక్యాల్లో తేలే విషయం కాదది. దాని వెనకాల అరవయ్యేళ్ళ కథ ఉంది. తీరిగ్గా ఇక్కడ చెప్పుకుందాం. చరిత్ర ఎక్కువ, స్పానర్లు తక్కువ. కార్లంటే పడనివాళ్ళు కూడా చదవొచ్చు.

బండి 1991 పాంటియాక్ ఫైర్‌బర్డ్. 'నైట్ రైడర్' సీరియల్లో మాట్లాడే నల్లకారు గుర్తుందా? దానికి బీద చుట్టం ఇది. 3.1 లీటర్ల వీ-6 ఇంజను, 140 గుర్రాలు. మాట్లాడదు. పొద్దున్నే చలికి మూలుగుతుంది, అంతే.

ముందు ఆ ప్రశ్న సంగతి చూద్దాం.

ఈ ఇంజనులోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచే పరికరం ఏదీ లేదు. కంప్యూటర్ లెక్కగట్టి ఊహిస్తుంది. ఇంటర్ ఫిజిక్సులో మనందరం బట్టీ పట్టిన పీవీ ఈజ్ ఈక్వల్టు ఎన్ఆర్‌టీ ఉందే, అదే. సిలిండరు ఘనపరిమాణం తెలుసు. లోపలికొచ్చే గాలి ఎంత వేడిగా ఉందో ఒక సెన్సర్ చెప్తుంది. ఇన్‌టేక్ గొట్టంలో పీడనం ఎంతో మ్యాప్ సెన్సరని ఇంకోటి చెప్తుంది. ఈ మూడింటినీ ఇంజను వేగంతో కలిపి, ఒక పట్టికలోంచి ఇంజను సామర్థ్యపు అంకె తీసుకుని గుణిస్తే గాలి బరువొస్తుంది. గాలి బరువు తెలిస్తే పెట్రోలు ఎంత కొట్టాలో తెలుస్తుంది. దీన్ని స్పీడ్ డెన్సిటీ పద్ధతి అంటారు.

చిక్కు ఆ మ్యాప్ సెన్సర్ దగ్గర వస్తుంది. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకునేదే తప్ప దానికి గాలిని ఎవరూ కుక్కరు. కాబట్టి లోపలి పీడనం బయటి వాతావరణం కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండదు. అంటే సుమారు 100 కిలోపాస్కళ్ళు, ఒక బార్. అందుకని సెన్సర్ కూడా ఒక బార్ వరకే చూడగలదు. టర్బో వచ్చి 7 పీఎస్ఐ అదనంగా కుక్కిందనుకోండి, లోపల దాదాపు 150 ఉంటుంది. సెన్సర్ మాత్రం 105 దగ్గర ఆగిపోతుంది. నిండుకుండ మీద ఇంకో బిందె పోసినా కుండ నిండిందనే చెప్తుంది కదా, అలాగన్నమాట. కంప్యూటర్ వందకి సరిపడా పెట్రోలు కొడుతుంది, గాలి నూటయాభైకి ఉంటుంది. మూడింట ఒకవంతు పెట్రోలు తక్కువ. ఆ పలచటి మిశ్రమం సరైన సమయానికి కాలక తనంతట తనే పేలుతుంది. రెండు మూడు కొండలెక్కితే పిస్టను కరిగి ఊరుకుంటుంది.

మరి రెండు బార్లు చూడగలిగే సెన్సర్ పెడితే సరిపోదా? సరిపోదు. ఆ సెన్సర్ ఒక బార్ దగ్గర సగం వోల్టేజీయే ఇస్తుంది. పాత ప్రోగ్రాము దాన్ని చూసి 'ఓహో, సగమే గాలి ఉంది' అనుకుని సగం పెట్రోలు ఇస్తుంది. ఇంజను స్టార్టయితే గొప్పే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు: డేటా సరైందే, దాని యూనిట్లు వేరు. కాబట్టి కొత్త కొలబద్ద తెలిసిన ప్రోగ్రాము కావాలి. అలాంటి ప్రోగ్రాముని నడిపే డబ్బా కావాలి. ఆ డబ్బాకి వెళ్ళే తీగలు ఏది ఎక్కడికి పోవాలో మళ్ళీ సర్దాలి. పాట్‌లక్కు ప్రశ్నకి జవాబు ఇంతే. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

టర్బో కొత్తదేం కాదు. ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ అనే స్విస్ ఇంజనీరు 1905 లోనే పేటెంటు తీసుకున్నాడు. ఓడలకీ, లారీలకీ, విమానాలకీ అమిరినంత సుఖంగా అది పెట్రోలు కార్లకి అమరలేదు. 1962లో జనరల్ మోటార్స్ ఒకేసారి రెండు టర్బో కార్లు వదిలింది: షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్ కథ నాకు చాలా ఇష్టం. చిన్న అల్యూమినియం వీ-8, 215 క్యూబిక్ అంగుళాలు, 215 గుర్రాలు. కంప్రెషన్ 10.25. టర్బో ఇంజనుకి అది మరీ ఎక్కువ, ఊరుకుంటే టపటపా పేలుతుంది. పేలకుండా ఉండడానికి వాళ్ళు పెట్టిన ఉపాయం ఏంటంటే, నీళ్ళూ మెథనాలూ కలిపిన ద్రవం ఒకటి చిన్న ట్యాంకులో పోసి, బూస్టు వచ్చినప్పుడల్లా ఇంజనులోకి చిమ్మడం. దానికి పెట్టిన పేరు 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్'. అంతరిక్షం మోజులో ఉన్న రోజులు కదా!

కస్టమర్లు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవాళ్ళు. ట్యాంకు ఖాళీ అయితే బూస్టు దానంతటదే తగ్గిపోయే ఏర్పాటు ఉంది, కానీ అప్పుడు కారు నత్తలా నడిచేది. పదివేలలోపు కార్లు తయారుచేసి 1963లో ఆపేశారు. చివరికి టర్బో పీకేసి మామూలు కార్బురేటరు పెట్టే ఏర్పాటు కంపెనీయే చేసింది. ఇందులో తప్పు టర్బోది కాదని నా అభిప్రాయం. ప్రతి క్షణం పీడనం చూసి, పెట్రోలూ స్పార్కూ సర్దే బుర్ర ఒకటి అక్కడ ఉండాలి. అది అప్పటికింకా పుట్టలేదు. దాని బదులు ఒక సీసాడు నీళ్ళు పెట్టారు.

పుట్టలేదంటే మరీ నిజం కాదు, పుట్టి పోయింది. బెండిక్స్ కంపెనీ 'ఎలెక్ట్రోజెక్టర్' అని ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఒకటి తయారుచేస్తే 1958లో క్రైస్లర్ దాన్ని 35 కార్లకి పెట్టి అమ్మింది. ఆ కాలపు ఎలక్ట్రానిక్ భాగాలు బానెట్ కింది వేడికీ అదురుకీ తట్టుకోలేదు. చాలావాటికి మళ్ళీ కార్బురేటర్లే బిగించి పంపించారు. ఆ పేటెంట్ల మీద హక్కులు జర్మనీలో బాష్ కంపెనీకి చేరాయి. బాష్ దాన్ని సాన పట్టి 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కి పెట్టింది. పేరు డీ-జెట్రానిక్, ఆ 'డీ' జర్మన్ మాట డ్రుక్‌లోంచి వచ్చింది, అంటే పీడనం. నా ఫైర్‌బర్డ్‌లో ఉన్న పద్ధతికి అదే తాతగారు. అందులో మైక్రోప్రాసెసర్ లేదు, కోడ్ లేదు, అంతా ట్రాన్సిస్టర్లూ రెసిస్టర్లూ. ఏదైనా లెక్క మార్చాలంటే టాంకం పెట్టాల్సిందే.

ఇంజనులోకి కంప్యూటర్ ఎందుకొచ్చింది అంటే వేగం కోసం అని చాలామంది అనుకుంటారు. కాదు, పొగ కోసం. లాస్ ఏంజెలెస్ మీద కమ్మే గోధుమరంగు పొగమంచు కార్ల పొగా ఎండా కలిసి వండుతున్నదే అని ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లోనే తేల్చాడు. 1970 చివర్లో నిక్సన్ క్లీన్ ఎయిర్ చట్టం సవరణల మీద సంతకం పెట్టాడు. ఐదారేళ్ళలో కార్ల విషవాయువుల్ని 90 శాతం తగ్గించాలని అందులో ఉంది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, గడువులు వాయిదా పడ్డాయి, కానీ చట్టం మిగిలింది. 1975 మోడళ్ళ నుంచి కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తరవాత వచ్చిన మూడు పనుల కన్వర్టరు మూడు విషాల్నీ ఒకేసారి హరించాలంటే గాలి, పెట్రోలు 14.7కి 1 చొప్పున కలవాలి. ఇటు అటు కాస్త జరిగినా అది పనిచేయదు. ఇంత సూక్ష్మంగా కలపడం ఏ కార్బురేటరు తరమూ కాదు. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, దాని మాట విని సెకనుకి కొన్నిసార్లు దిద్దుకోవాలి. వోల్వో 1977 మోడల్‌లో కాలిఫోర్నియా కోసం ఆ పని చేసింది. జీఎం 1981లో అమెరికాలో అమ్మే తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నిటికీ కంప్యూటర్ పెట్టేసింది.

అన్నట్టు, మా నాన్నగారి అంబాసిడర్‌ని విజయవాడ ఆటోనగర్లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. తరవాత కార్బురేటరు స్క్రూ పావు తిప్పు తిప్పేవాడు, ఇంజను సర్దుకునేది. కంప్యూటర్ చేసేదీ అదే పని, కాకపోతే కళ్ళు మూసుకోదు. 6000 ఆర్పీఎం దగ్గర ఆరు సిలిండర్ల ఇంజనుకి సెకనుకి 300 స్పార్కులు కావాలి. అంటే స్పార్కుకీ స్పార్కుకీ మధ్య 3 మిల్లీసెకన్ల పైచిలుకు.

నా కారులో ఉన్నది జీఎం వాళ్ళు 1980ల చివర్లో తెచ్చిన 'పీ-4' తరం కంప్యూటర్. డెల్కో ఎలక్ట్రానిక్స్ సరుకు. లోపల మోటరోలా 68హెచ్‌సీ11 బాపతు 8 బిట్ల ప్రాసెసర్, సుమారు 2 మెగాహెర్ట్జ్. ప్రోగ్రాము, పట్టికలు, అన్నీ కలిపి 32 కిలోబైట్ల చిప్పులో కూర్చున్నాయి. లెక్కేసుకుంటే రెండు స్పార్కుల మధ్య దానికి దొరికేది ఆరువేల పైచిలుకు క్లాక్ సైకిళ్ళు. ఆ వ్యవధిలో పీడనం చూడాలి, పెట్రోలు లెక్కేయాలి, స్పార్కు ఎప్పుడో చెప్పాలి, చెక్ ఇంజను లైటు సంగతి చూడాలి. మా ఆఫీసులో ఒక వెబ్ పేజీ తెరుచుకోడానికి వాడే మెమరీతో ఇలాంటి ఇంజన్లని కొన్ని వందలు నడపొచ్చు. ఈ మాట మీటింగులో అంటే ఎవరూ నవ్వలేదు.

ఈ డబ్బాలకి పేర్లుండవు, పార్టు నెంబర్లే. నా కారుది 1227730. తెలిసినవాళ్ళు '730' అంటారు. 1990-92 కమారోలూ ఫైర్‌బర్డులూ దీంతోనే నడిచాయి. దీనికి టర్బో తెలిసిన కజినొకడున్నాడు: 1227749. అది పాంటియాక్ సన్‌బర్డ్ టర్బోలో వచ్చింది, ఆ తరవాత 1991లో జీఎంసీ సైక్లోన్ అనే పికప్ ట్రక్కులో వచ్చింది. సైక్లోన్ వింత బండి. సామాన్లు మోసే చిన్న ట్రక్కుకి 4.3 లీటర్ల వీ-6 మీద టర్బో పెట్టి, నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చి, 280 గుర్రాలు లాగించారు. మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్ళో పీఏఎస్ అనే చిన్న సంస్థ వీటిని కట్టింది. 1991లో వచ్చినవి మూడువేలకి ఐదు తక్కువ. ఒక కార్ల పత్రిక దాన్ని ఫెరారీ 348 పక్కన నిలబెట్టి పావు మైలు పరుగు పెట్టిస్తే ట్రక్కే ముందొచ్చింది. కోడళ్ళందరూ పట్టుచీరల్లో వస్తే వంటావిడ పాటలపోటీ గెలిచినట్టు.

ఆ ట్రక్కు బుర్రే ఇప్పుడు నా ఫైర్‌బర్డ్‌కి పెడుతున్నాను. 749కి రెండు బార్ల సెన్సర్ తెలుసు, బూస్టు ఎక్కువైతే వేస్ట్‌గేట్ వాల్వు తెరిపించడం తెలుసు, నాక్ సెన్సర్ మాట విని స్పార్కు వెనక్కి లాగడం తెలుసు. జీఎం ఇంజనీర్లు మంచులోనూ ఎడారిలోనూ తిప్పి పరీక్షించిన కోడు. దాన్ని 1990ల్లో ఎవరెవరో హాబీగా బైట్ బైట్ విప్పి, ఏ అడ్రసులో ఏ పట్టిక ఉందో రాసి పెట్టారు. సోర్సు కోడ్ లేదు, డాక్యుమెంట్లు లేవు, జీతం అంతకన్నా లేదు. అసెంబ్లీ లిస్టింగుల పక్కన వాళ్ళు రాసిన కామెంట్లు చదువుతుంటే తాళపత్రాలకి వ్యాఖ్యానం రాసిన పండితులు గుర్తొస్తారు నాకు. 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు 'మెగాస్క్వర్ట్' పేరుతో ఎవరికి వారు టాంకం పెట్టి కట్టుకునే ఇంజను కంప్యూటర్ తెచ్చారు. చాలామంది అదే పెట్టుకోమన్నారు. అది మంచి పనే, కానీ 32 కిలోబైట్ల పాత కోడు చదవడంలో ఉన్న సరదా నాకు అందులో కనపడలేదు.

ఇక తీగలు. వీటి గురించి ఎవరూ చరిత్ర రాయరు గానీ, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ తెలిసొచ్చింది వీటి గురించే.

ఇంజను హార్నెస్ అంటే బానెట్ కింద నల్లటి టేపు చుట్టిన తీగల జడ. మన మెకానిక్కులు వట్టి 'వైరింగ్' అంటారు. నేనుండేది క్లీవ్‌లాండ్ దగ్గర. ఇక్కడికి గంట దూరంలో వారెన్ అని ఊరుంది. ప్యాకార్డ్ సోదరులు 1890లో బల్బులు తయారుచేద్దామని ప్యాకార్డ్ ఎలక్ట్రిక్ పెట్టింది అక్కడే. వాళ్ళలో జేమ్స్ క్లీవ్‌లాండ్‌లో వింటన్ కారొకటి కొని, అది నచ్చక తయారీదారుడికే ఫిర్యాదు చేస్తే, 'అంత తెలిసినవాడివి నువ్వే చేసుకో' అన్నాడని ఒక ఐతిహ్యం. 1899లో చేసి చూపించారు. అదే ప్యాకార్డ్ కారు. కార్ల కంపెనీ 1903లో డెట్రాయిట్ వెళ్ళిపోయింది. తీగల కంపెనీ వారెన్‌లోనే ఉండిపోయింది. 1932లో జీఎం దాన్ని కొనుక్కుంది. ఆ తరవాత జీఎం కార్ల నరాలన్నీ దాదాపు అక్కడివే.

మా వీధి చివర ఉండే పెద్దాయన అక్కడ ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. నేను గరాజ్ తలుపు తెరిచి తీగలు పరుచుకుంటే ఎటో వెళ్తున్నవాడు ఆగి లోపలికొచ్చాడు. ఒక కనెక్టర్ చేతిలోకి తీసుకుని, తిప్పి, వేలితో తడిమి, 'మాదే' అన్నాడు. పెద్ద చెక్కబల్ల మీద మేకులు కొట్టి ఉంటాయట, తీగల్ని ఆ మేకుల మధ్య ముగ్గులో చుక్కల చుట్టూ గీత తిప్పినట్టు తిప్పుకుంటూ పోతారట. టేపు చుట్టేది చేత్తోనే. (ముగ్గు పోలిక నాది. ఆయనకి మా ఆవిడ వేసిన ముగ్గు చూపించి చెప్తే, సరిగ్గా అదే అన్నాడు.)

ఇప్పటికీ అది చేతిపనే. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగు, పెయింటింగు రోబోలు చేస్తాయి. మెత్తగా వంగిపోయే తీగని పట్టుకుని ఇరుకు సందులోంచి లాగడం మాత్రం వాటికి ఇంకా బాగా చేతకాదు. చేతులు కావాలి కాబట్టి, చవక చేతులున్న చోటికి పని వెళ్ళిపోయింది. 1970ల చివరినుంచి ప్యాకార్డ్ వాళ్ళ హార్నెస్ పని సరిహద్దు దాటి మెక్సికోలోని సియుదాద్ హ్వారెస్‌కి పోవడం మొదలైంది. మొదటి దశాబ్దాల్లో అక్కడి బల్లల ముందు నిలబడ్డవాళ్ళు ఎక్కువమంది పెళ్ళికాని ఆడపిల్లలు. జీఎం తన విడిభాగాల వ్యాపారాన్ని 1999లో డెల్ఫీ పేరుతో విడదీసింది, 2005 అక్టోబర్లో డెల్ఫీ దివాలా పిటిషన్ వేసింది. 2017లో మిగిలిన దానికి ఆప్టివ్ అని పేరు మారింది. పెద్దాయన ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పాడు: తాను బల్ల తుడిచి పెట్టి వచ్చానని. పని ఔట్‌సోర్స్ అయిన కథ ఈ దేశానికి ఏ పని చేయడానికి వచ్చామో తెలిసిన మనబోటివాళ్ళకి చెప్తుంటే ఎటు చూడాలో తెలియదు. నేను కనెక్టర్ వైపు చూశాను.

తీగలు చిన్నవి కదా అనుకుంటాం. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీద దండెత్తినప్పుడు పశ్చిమ యుక్రెయిన్‌లోని లియోని కంపెనీ హార్నెస్ ఫ్యాక్టరీలు ఆగిపోతే, మార్చిలో జర్మనీలో ఫోక్స్‌వాగన్, బీఎండబ్ల్యూ లైన్లు ఆగిపోయాయి. స్టీలుంది, చిప్పులున్నాయి, జడ అల్లేవాళ్ళు బంకర్లలో ఉన్నారు. అంతే, కారు లేదు.

పెద్దాయన వల్ల నా పద్ధతి మారింది. నేను టాంకం పెడదామని ఐరన్ వేడెక్కించి కూచున్నాను. ఆయన వద్దన్నాడు. టాంకం తీగ పోగుల్లోకి పాకి ఆ మేర గట్టిపడుతుంది, అదురుకి సరిగ్గా ఆ గట్టిదనం ఆగినచోట తీగ తెగుతుంది. క్రింప్ చేయాలి, అదీ సరైన పట్టకారుతో: ఒక జత రెక్కలు రాగిని, ఇంకో జత రెక్కలు పైతొడుగుని పట్టుకోవాలి. ఆయన చేసిన క్రింపు పట్టుకుని లాగితే తీగ తెగింది గానీ క్రింపు ఊడలేదు.

పని ఇలా సాగింది. ముందు రెండు కంప్యూటర్ల పిన్నుల జాబితాలు పక్కపక్కన స్ప్రెడ్‌షీట్లో పెట్టాను. వాటిని ఉన్నచోటే ఉండేవి, చోటు మారేవి, కొత్తగా రావాల్సినవి అని మూడు రంగులు వేశాను. జీఎం వాళ్ళ రంగులు ఒకసారి అలవాటైతే భాషలా ఉంటుంది. బూడిదరంగు 5 వోల్టుల రిఫరెన్సు, లేతాకుపచ్చ మ్యాప్ సెన్సర్ కబురు, ముదురు నీలం యాక్సిలరేటర్, పసుపు ఇంజను వేడి, ఊదారంగు ఆక్సిజన్ సెన్సర్, నారింజ ఎప్పుడూ ఆరని బ్యాటరీ కరెంటు. కొత్తగా వచ్చేవి తక్కువే. వేస్ట్‌గేట్ సొలెనాయిడ్‌కి, నాక్ సెన్సర్‌కి, ఇంకో ఒకటి రెంటికి.

వీటిలో నాకు ముచ్చటైంది గోధుమరంగు మీద నల్లచారల తీగ. దాన్ని బైపాస్ అంటారు. ఇంజను స్టార్టయ్యేటప్పుడు కంప్యూటర్ ఇంకా తేరుకోదు. అప్పుడు స్పార్కు ఎప్పుడివ్వాలో డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న మాడ్యూలే చూసుకుంటుంది. ఇంజను సుమారు 400 ఆర్పీఎం దాటాక కంప్యూటర్ ఈ తీగ మీద 5 వోల్టులు పెడుతుంది. 'ఇక నేను చూసుకుంటాను' అన్నమాట. మాడ్యూలు తప్పుకుంటుంది. కంప్యూటర్ చచ్చిపోతే ఆ 5 వోల్టులూ పోతాయి, మాడ్యూలు మళ్ళీ పగ్గాలు తీసుకుని బండిని ఇంటిదాకా కుంటించుకుంటూ తీసుకొస్తుంది. ఫెయిల్ ఓవర్ మీద నేను పవర్‌పాయింట్లు చేసి డబ్బు పుచ్చుకుంటాను. ఒకే తీగతో దాన్ని తేల్చేసినవాళ్ళు వీళ్ళు.

ఒక నిర్ణయం మాత్రం మొదట్లోనే తీసుకున్నాను. పాత హార్నెస్‌ని కోయను. పాత కార్ల స్క్రాప్ యార్డు నుంచి అలాంటిదే ఇంకోటి తెచ్చి దాని మీద పనిచేస్తాను. అసలుది అటకెక్కుతుంది. దీనికి కారణం చెప్పాలంటే ఆ 32 కిలోబైట్లలో ఏముంటుందన్న ప్రశ్నకి వెళ్ళాలి.

1995 నవంబర్లో జీఎం అమెరికా ప్రభుత్వంతో ఒక రాజీకి వచ్చింది. 1991-95 మధ్య అమ్మిన 4.9 లీటర్ల కాడిలాక్‌లు, దాదాపు 4 లక్షల 70 వేలు. వాటిలో ఏసీ వేస్తే ఇంజను ఆగిపోతోందని జనం ఫిర్యాదు చేస్తే, కంపెనీ ఏసీ వేసినప్పుడు పెట్రోలు చిక్కగా కొట్టేలా చిప్పు మార్చింది. ఇంజను ఆగడం మానేసింది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం హద్దు దాటింది. ప్రభుత్వ పొగ పరీక్షేమో అప్పట్లో ఏసీ ఆపి చేసేవాళ్ళు, కాబట్టి పరీక్షలో ఏమీ దొరికేది కాదు. జరిమానా 1 కోటి 10 లక్షల డాలర్లు, రీకాల్ వగైరాలతో కలిపి నాలుగున్నర కోట్లు. నేను ఆ వివరాలు చదివినప్పుడు అనుకున్నాను, ఆ మార్పు చేసినవాడు దుర్మార్గుడేమీ అయ్యుండడు, ఎవరో ఒక ఇంజనీరు టికెట్ క్లోజ్ చేసుంటాడు. ఏసీ వేస్తే ఈ అంకె వాడు, లేకపోతే ఆ అంకె. మనం రోజూ రాసే ఇఫ్, ఎల్స్. 2015 సెప్టెంబర్లో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ డీజిల్ మోసం దాని పెద్దన్న, ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బళ్ళు. అక్కడైతే పరీక్ష జరుగుతోందని కారే కనిపెట్టేది. అది అమాయకంగా జరిగింది కాదు.

ఇప్పుడు నేను చేస్తున్నదీ ఆ అంకెలు మార్చడమే కదా? కంపెనీ చేస్తే నేరం, నేను చేస్తే హాబీనా? చట్టం అలా అనదు. పొగ తగ్గించే ఏర్పాట్లని చెడగొట్టకూడదన్న నిషేధాన్ని 1990 సవరణలు మామూలు జనానికి కూడా వర్తింపజేశాయి. ఇంకోపక్క, నా కారులోని కోడు నేను చదువుకోవచ్చా అన్నదే పెద్ద తగాదా. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌ని విప్పడాన్ని నిషేధించింది. సొంత బండిని బాగుచేసుకోడానికీ, చట్టానికి లోబడి మార్చుకోడానికీ 2015లో మినహాయింపు ఇచ్చారు, అది ఏడాది తరవాత అమల్లోకి వచ్చింది. నా 749కి తాళమే లేదు కాబట్టి ఆ తగాదా దాని దాకా రాలేదు. చదివే హక్కు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరూ చదవకూడదంటే కాడిలాక్‌లాంటివి అలాగే ఉండిపోతాయి. కానీ చదివే హక్కుకీ అందరూ పీల్చే గాలిని పాడుచేసే హక్కుకీ తేడా ఉంది. పొగగొట్టంలోంచి కన్వర్టర్ పీకేసి నల్లటి పొగ వదులుతూ స్వేచ్ఛ అని అరిచే బాపతు మా ఒహాయోలో కూడా బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని చూసే బయటివాళ్ళు మా హాబీని కొలుస్తారు.

మా కౌంటీలో ఈ-చెక్ అని రెండేళ్ళకోసారి పొగ పరీక్ష ఉంది. 25 ఏళ్ళు దాటిన బళ్ళకి అక్కర్లేదు, నాది ఎప్పుడో దాటేసింది. అయినా పని మొదలుపెట్టక ముందే ఒక షాపులో డబ్బు కట్టి వాయువుల కొలతలు తీయించుకున్నాను. కన్వర్టర్ ఉంది, ఆక్సిజన్ సెన్సర్ ఉంది, ఊదారంగు తీగ ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తుంది. టర్బో బూస్టులో మిశ్రమం చిక్కబడక తప్పదు, 12కి 1 చుట్టుపక్కల ఉండాలి, లేకపోతే పిస్టను పోతుంది. కానీ మామూలుగా నడిచేటప్పుడు, అంటే వందలో తొంభై అయిదుసార్లు, కొలతలు పాతవాటికంటే ఎక్కువ రాకూడదు. వస్తే అటక మీది హార్నెస్ కిందికి దిగుతుంది, పాత 730 దాని చోటుకి అది వెళ్తుంది, టర్బో అమ్మకానికి పోతుంది. మా ఆవిడ ఈ షరతుకి సాక్షి. ఆవిడకి ఏ ఫలితమైనా ఒకటే. బేస్‌మెంట్లో ఆవకాయ జాడీలు పెట్టుకునే చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందన్నదే ఆవిడ ప్రశ్న.

పోయిన శనివారం కొత్త జడ బిగించాం. పెద్దాయన తీగలు లాగాడు, నేను లిస్టు చదివాను. టర్బో ఇంకా కలపలేదు, మొదట కంప్యూటర్ ఒక్కటే సరిగ్గా ఉందో లేదో చూడాలి. డాష్‌బోర్డు కింద 12 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో ఏ, బీ పిన్నుల మధ్య చిన్న తీగముక్క పెట్టి తాళం తిప్పితే చెక్ ఇంజను లైటు మినుకుమంటూ కోడ్‌లు చెప్తుంది. ఒకసారి మినుకు, ఆగి, రెండుసార్లు మినుకు. అది కోడ్ 12: ఇంజను తిరగట్లేదని నాకు తెలుసు, మిగతా అంతా బానే ఉందని. ఆ లైటు అదే మూడుసార్లు చెప్పింది, వేరే ఏ నెంబరూ చెప్పలేదు. మ్యాప్ సెన్సర్ 98 కిలోపాస్కళ్ళు చూపించింది, ఆ రోజు క్లీవ్‌లాండ్‌లో గాలి బరువు సరిగ్గా అంతే.

పెద్దాయన లైటు వంక చూసి తల ఊపి, చేతులు తుడుచుకుని భోజనానికి వెళ్ళిపోయాడు. ఈ ఆదివారం ఇన్‌టేక్ గొట్టాల పని ఉంది.